ఇరుసునకు గాలి కందెన

దివిసీమ కాపునకు కందెన మహిమ వేరుగ చెప్ప నక్కరలేదు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదముతో నూరి ఇరుసునకు పూసిన నాడు బండి సుఖముగ నడచును. పూయని నాడు కీచుమని ఊరంతయు లేపును. బందరునుండి గుడివాడ మీదుగ బెజవాడకు 1908లో రైలు పడినను ఈ చిక్కు తీరలేదు. ఆనాటి పెట్టెల ఇరుసులు నూనెలో తడిసిన నూలుపీచు నంటి తిరుగుచుండెడివి. పీచు ఎండెనా, ఇరుసు కాగి పొగలు గ్రక్కెడిది.

నూనె చేయు పని యేమో ఇంగ్లండులో రైలు ఇరుసుల పరీక్షలలోనే తేలినది. బీచమ్ టవర్ అను ఇంజనీరు 1883లో, ఇరుసును పట్టియుంచు బేరింగు నెత్తిన రంధ్రము తొలిపించెను. అందుండి నూనె పొంగెను. కొయ్యబిరడా బిగించిన, బిరడాయే ఎగిరి వచ్చెను! లోహము లోహమును తాకుట లేదనియు, నడుమనున్న నూనెపొరయే బరువును మోయుచున్నదనియు అప్పుడు తెలిసెను. తిరుగు ఇరుసు నూనెను ఇరుకు సందులోనికి ఈడ్చుకొనిపోవుటచే ఆ ఒత్తిడి పుట్టునని 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గణితముచే చూపెను.

అట్లయిన నూనెయే ఏల? గాలియు చాలునని ఫ్రాన్సు దేశీయుడగు హిర్న్ 1854లోనే సూచించి యుండెను. అమెరికాలో కింగ్స్‌బరీ గాలిపొరపై తిరుగు ఇరుసును గూర్చిన తన పరీక్షలను 1897లో ప్రకటించెను. అయితే గాలి మిగుల పలుచన. సందు తలవెండ్రుక మందములో ఏ పదవ వంతో ఉండవలెను. వేగము మిక్కుటము కావలెను. మన ఎడ్లబండికి అది పనికిరాదు. వేరే పంపుతో నెట్టిననే తప్ప, నెమ్మదిగ కదలు బరువును గాలి లేపలేదు.

వేగము హెచ్చిన చోట మరియొక ఆపద కలదు. ఇరుసు కొంచెము ప్రక్కకు జరిగిన, పొర దానిని తిన్నగ వెనుకకు నెట్టక ఓరగ నెట్టును. బొంగరము తిరుగుచునే తూలి వలయము చుట్టునట్లు, ఇరుసు కూడ తన వేగములో సుమారు సగము వేగముతో సందులో చుట్లు తిరుగ నారంభించును. ఆ చుట్టు ఇరుసునకు సహజమైన ఊపుతో కలిసెనా, అదను చూచి ఊయల త్రోసినట్లే. చుట్టు పెద్దదై లోహము లోహమును రాచుకొనును. నూనెపొరలో ఈ జాడ్యమును న్యూకిర్క్, టేలర్ అనువారు 1925లో వర్ణించిరి. గాలిపొరకు ఊపును అణచు శక్తి తక్కువ గనుక కీడు మరింత. పైగా గాలి నొక్కిన కుదించుకొనును; ఊపు వేగమునుబట్టి దాని బిరుసు మారును. నిలుకడలో తీసిన కొలత ఊగునప్పుడు చెల్లదు.

బేరింగు గోడను పలుచని లోహపు రేకులతో కట్టుట దీనికొక మందు. రేకులు లొంగి, ఒండొంటితో ఒరసికొని, ఊపును మ్రింగును. 1970వ దశకమునుండి ప్రయాణికుల విమానములలో గాలిని చల్లబరచు యంత్రములు కొన్ని ఇట్టి రేకుల నడుమ తేలుచు తిరుగుచున్నవి. వాటి బేరింగులలో నూనె చుక్కయైన లేదు. బయలుదేరునప్పుడును ఆగునప్పుడును మాత్రము రాపిడి తప్పదు. అందులకై రేకులకు జారుడు పూత నొకటి పూయుదురు.