ఏథెన్సు నగరమున ప్రోక్లసుని గృహము: ఒక సహవాస చరిత్ర

క్రైస్తవము రోమక సామ్రాజ్యమునకు రాజమతమైన పిదప ప్రాచీన దేవతలను విడువని వారికి 'పాగనులు' అను పేరు స్థిరపడినది. లాటిను భాషలో 'పాగుసు' అనగా పల్లెసీమ. 'పాగానుసు' అనగా పల్లెవాడు. ఈ పేరు వారు పెట్టుకొన్నది కాదు, ఇతరులు పెట్టినది. తెలుగు బైబిలునందలి 'అన్యజనులు' అను మాటయు ఇంచుమించు ఇట్టిదే. చూచువాని స్థానమునుండి చూడబడిన వానికి కలిగిన పేరది. గ్రీకుభాష మాటలాడు పాగనులు తమ్ము 'హెలీనులు' అనియే చెప్పుకొనిరి. వీరిలో కొందరు క్రీ.శ. అయిదవ శతాబ్దమున ఏథెన్సు నగరమున ఒకే గృహమును ఆశ్రయించి, చదువును ఆరాధనను భోజనమును కలిపి సాగించిరి. సాధారణముగా చరిత్రకారులు దీనిని 'ఏథెన్సు విద్యాపీఠము' అని పేర్కొని, 529వ సంవత్సరపు రాజశాసనముతో దాని కథను ముగింతురు. ఆ పీఠము పాఠశాలగా గాక గృహముగా బ్రదికినదనియు, దాని బలమును దాని దౌర్బల్యమును ఆ గృహధర్మమునుండియే పుట్టినవనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

ఇట్టి సహవాసపు ఆశ ఏథెన్సున క్రొత్తగా పుట్టినది కాదు. మూడవ శతాబ్దమున రోము నగరమున ప్లొటీనసు, జెమీనా అను గృహిణి యింట నివసించి బోధించెను. మరణము సమీపించిన కులీనులు పలువురు తమ బిడ్డలను ఆస్తితోగూడ ఆయనకు అప్పగించిపోవుటచే ఆ యిల్లు బాలబాలికలతో నిండియుండెనని శిష్యుడు పోర్ఫిరీ వ్రాసెను. ప్లొటీనసు అంతటితో తృప్తిపడక, కంపానియా సీమయందు పాడుపడియున్న ఒక నగరమును పునరుద్ధరించి యిచ్చినచో తాను సహచరులతో అచ్చట ప్లేటో ధర్మములననుసరించి నివసింతునని గాలియేనసు చక్రవర్తిని కోరెను. దానికి 'ప్లేటోనోపోలిసు' అని పేరిడవలెనని సంకల్పము. ఆస్థానమునందలి కొందరి అడ్డంకిచే అది సాగలేదు. నగరము కావలెనన్న కోరిక ఇల్లుగా మిగిలినది.

ఆ తరువాత కాలము మారినది. థియొడోసియసు 391వ సంవత్సరమున బలులను, ఆలయ ప్రవేశమును నిషేధించెను. 392వ సంవత్సరపు శాసనము మరింత లోతునకు పోయి, ఇంటిలోని దేవతలకు ధూపదీపము లిచ్చుటను గూడ నేరముగా ఎంచినది. శాసనమున నిషిద్ధమైన గృహారాధనయే వీరికి శరణ్యమగుట ఇచ్చట గమనింపదగినది. ఆలయము మూతపడినప్పుడు ఆలయమునకు చేరువనున్న యింటికి క్రొత్త బాధ్యత వచ్చినది.

ఏథెన్సు పీఠమునకు ప్లేటో నాటి 'అకాడెమీ'తో స్థలసంబంధము లేదు. క్రీ.పూ. 86లో సుల్లా దండయాత్రచే ఆ తోట పాడైనది. ఆ పరంపరయు తెగినది. క్రీ.శ. అయిదవ శతాబ్దారంభమున ప్లూటార్కు అను ఏథెన్సు పండితుడు తన యింటనే బోధను నెలకొల్పెను. (సుప్రసిద్ధ జీవితచరిత్రకారుడగు ప్లూటార్కు వేరు.) ఇరువది యేండ్లయినను నిండని ప్రోక్లసు 430 ప్రాంతమున అచ్చటికి చేరెను. అప్పటికి వృద్ధుడైన ప్లూటార్కు అతనిని తన యింటనుంచుకొని, బిడ్డవలె చూచుకొని, ప్లేటో 'ఫీడో'ను, అరిస్టాటిలు ఆత్మవిచార గ్రంథమును చెప్పెను. మాంసము మానిన యా యువకుని శరీరము చదువునకు చాలదేమోయని వృద్ధగురువు బెంగపడగా, సహాధ్యాపకుడు సిరియానసు ఆ నియమమును సమర్థించెనట. రెండేండ్లకు ప్లూటార్కు మరణించుచు, ప్రోక్లసును, తన మనుమడగు ఆర్కియాడసును సిరియానసునకు అప్పగించెను. ఇట్లు విద్యయు ఇల్లును బాంధవ్యమును ఒకే చేతినుండి మరియొక చేతికి మారినవి.

ఈ వివరములన్నియు ప్రోక్లసు మరణించిన యేడాదికి శిష్యుడు మెరీనసు రచించిన గురుచరిత్రవలన తెలియుచున్నవి. అది స్తుతిగ్రంథమగుటచే అందలి మహిమలను అట్లే గ్రహింపరాదు. కాని దినచర్యను గూర్చి అది చెప్పు మాటలు విలువైనవి. ప్రోక్లసు ఉదయ, మధ్యాహ్న, సాయంకాలములందు సూర్యుని అర్చించెడివాడు. దినమునకు అయిదు పాఠములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చెప్పి, ఏడువందల పంక్తులవరకు వ్రాసెడివాడు. గాజా నగరపు మార్నాసు, ఫీలే యందలి ఐసిసు మొదలగు పరదేశ దేవతలను గూడ స్తుతించెడివాడు. తత్త్వవేత్త ఒక్క నగరమునకు గాక ప్రపంచమంతటికి అర్చకుడు కావలెనని ఆయన మతము. చుట్టును ఆలయములు మూతపడుచుండగా పలు దేశముల దేవతలకు ఒక యింట చోటు దొరకినది.

ఆ యింటి స్థలమును మెరీనసు స్పష్టముగా చెప్పెను. అది అక్రోపోలిసునకు దక్షిణమున అస్క్లీపియసు ఆలయమునకును, నాటకశాల చెంతనున్న డయొనీససు ఆలయమునకును చేరువ. ఆర్కియాడసు కూతురు అస్క్లీపిజీనియా వ్యాధిగ్రస్త కాగా, ప్రోక్లసు ఒక మిత్రునితో ఆలయమునకు పోయి ప్రార్థించెననియు, ఇల్లు దగ్గరగుటచే కీడు తలపెట్టువారి కంటబడలేదనియు ఆతడు వ్రాసెను. ఒకానొకప్పుడు విరోధుల ఒత్తిడికి తాళలేక ప్రోక్లసు ఏడాదిపాటు లిడియాకు పోయి తలదాచుకొనెను. అనగా ఆ సహవాసమునందలి ప్రశాంతి నిర్భయత్వము కాదు, జాగరూకత. 1955లో ఆ ప్రాంతమున జరిగిన త్రవ్వకములందు అర్ధవృత్తాకారపు చివర గల పెద్దశాలయు, సిబెలీ దేవతా ఫలకము గల చిన్న పూజాస్థానమును, కత్తితో సహా పాతిపెట్టిన పందిపిల్ల అవశేషములును బయటపడినవి. ఇది ప్రోక్లసు గృహమేయని పలువురు పండితుల అభిప్రాయము; పేరు తెలుపు శాసనము లేనందున దీనిని బలమైన ఊహగానే గ్రహింపవలెను.

ఇంటికి ఆధారము ధనము. ప్లేటో తోటవలన మూడు బంగారు నాణెములు మాత్రమే రాబడి యుండెననియు, ప్రోక్లసు నాటికి భక్తుల దానములవలన వార్షికాదాయము వేయి నాణెములకు పెరిగెననియు దమాస్కియసు తెలిపెను. ఈ స్వతంత్రతచే వీరు నగరపు జీతమునకుగాని మఠాధికారి దయకుగాని చేయిచాపలేదు. కాని ఈ సమత్వమునకు హద్దులు కలవు. ఈ గృహములు కులీనులవి, వాటిలో దాసులుండిరి. 538వ సంవత్సరపు ఒక సమాధిశిలపై, దమాస్కియసుదిగా ఎన్నబడు పద్యమొకటి, జొసీమీ యను దాసి దేహమున మాత్రమే దాసియై యుండెననియు, మరణముచే దేహమునకును విముక్తి కలిగెననియు చెప్పుచున్నది. ఆ ప్రశంస ఎంత మృదువైనదో, బ్రదికియుండగా ఆమెకు ఆ విముక్తి కలుగలేదను సత్యము అంత కఠినమైనది.

529లో జస్టినియను చక్రవర్తి ఏథెన్సున తత్త్వబోధను నిషేధించెను. పాగనులు బోధింపరాదను శాసనమును ఆయన ధర్మసంహితయందు కలదు. దమాస్కియసు, సింప్లీషియసు, ప్రిస్కియాను మున్నగు ఏడుగురు పారసీకరాజగు ఖుస్రో ఆస్థానమున కేగిరి. అచ్చట ప్లేటో ఆదర్శరాజ్యము కానరాక వారు నిరాశ చెందిరని అగాథియసు వ్రాసెను. అయినను 532 సంధియందు, వారు స్వస్థలములకు మరలి మతము మార్చుకొన నక్కరలేక జీవింపవచ్చునను నిబంధనను ఖుస్రో చేర్పించెను. వారు ప్రాణములతో మరలిరి. సింప్లీషియసు గొప్ప వ్యాఖ్యానములును రచించెను. ఇల్లు మాత్రము మరల నిలువలేదు.

అలెగ్జాండ్రియాతో పోల్చినచో కారణము తేటపడును. అచ్చట ప్రోక్లసు శిష్యుడు అమ్మోనియసు నగరాధ్యాపకుడుగా క్రైస్తవ విద్యార్థులకును బోధించి, క్రైస్తవ మతాధికారితో రాజీపడెను. దమాస్కియసు దీనిని గర్హించెను. కాని ఆ పీఠమున పాగనుడగు ఒలింపియొడొరసు ఆరవ శతాబ్దపు నడిమి దాటినను పాఠములు చెప్పుచుండెను. పాఠమును పూజనుండి వేరుచేసిన చోట పాఠము నిలిచినది. రెంటిని ఒకే గడపలో నుంచిన చోట రెండును కలిసి పోయినవి.

ఇందెవరు ఒప్పు, ఎవరు తప్పు అని తీర్పు చెప్పుట చరిత్రకారుని పని కాదు. గురుకులవాసమును ఎరిగిన మనకు ఏథెన్సు వారి పట్టుదల సులభముగా బోధపడును. వారికి విద్య చెప్పించుకొనునది కాదు, కలిసి బ్రదుకునది. లికబెట్టసు కొండ సమీపమున సిరియానసు తనకును శిష్యునకును కలిపి ఒకే సమాధిని కట్టించెను. 485లో ప్రోక్లసు అందే గురువు ప్రక్కన ఉంచబడెను. ఆ సహవాసము స్వభావమును తెలుపుటకు ఏ రాజశాసనముకంటెను ఆ జంటసమాధియే మేలైన సాక్ష్యము.