మాస్కో చూడని కంచర గాడిద

మద్యం సంగతి నాకు పెద్దగా తెలియదు. అమ్ముడుపోని సరుకు సంగతి మాత్రం బాగా తెలుసు. రాజమండ్రిలో మా తాతగారి నాటి నుంచీ రాగి, ఇత్తడి పాత్రల కొట్టు మాది. హైదరాబాద్ బార్లవాళ్లు రాగి మగ్గులు అడగడం మొదలుపెట్టాక, వాటిలో పోసేదేమిటా అని ఆరా తీశాను. మాస్కో మ్యూల్ అన్నారు. వోడ్కా, నిమ్మరసం, జింజర్ బీర్, నిండా ఐసు. జింజర్ బీర్ అంటే బీరు కాదు, అల్లం ఘాటున్న సోడా.

మ్యూల్ అంటే కంచర గాడిద. అది తన్నితే ఎలా ఉంటుందో అల్లం ఘాటు అలా తగులుతుందని ఆ పేరు. మన తాగుబోతులు 'కిక్కెక్కింది' అనే మాటలోనూ ఉన్నది ఆ తన్నే. ఇక మాస్కో అంటారా, ఆ ఊరికీ ఈ డ్రింకుకీ ఉన్న సంబంధం సీసా మీది పేరు వరకే.

సీసా మీద ఉన్నది స్మిర్నాఫ్. 1860లలో మాస్కోలో ప్యోత్ర్ స్మిర్నోవ్ పెట్టిన వ్యాపారం అది. విప్లవం వచ్చాక ఆయన కొడుకు వ్లాదిమీర్ దేశం విడిచి పారిపోయాడు. ఆయన దగ్గర అమెరికా హక్కులు కొన్న రుడాల్ఫ్ కూనెట్, కనెటికట్ రాష్ట్రంలోని బెతెల్ ఊళ్లో వోడ్కా కాయించాడు. విస్కీకి అలవాటుపడ్డ అమెరికన్లు దాని మొహం చూడలేదు. 1939లో హ్యూబ్లైన్ కంపెనీ పెద్ద జాన్ మార్టిన్ 14 వేల డాలర్లకు ఆ హక్కులు కొన్నాడు. ఏ-1 సాస్ అమ్ముకుని బతికే కంపెనీకి ఈ తలనొప్పి ఎందుకని సొంతవాళ్లే నవ్వారట.

లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ బులెవార్డ్ మీద కాక్ అండ్ బుల్ అనే బారు ఉండేది. దాని యజమాని జాక్ మోర్గన్ సొంతంగా జింజర్ బీర్ చేయించాడు. అదీ కదల్లేదు. 1941లో మార్టిన్, మోర్గన్ కలిసి కదలని రెండు సరుకుల్నీ ఒకే మగ్గులో పోశారు. అది న్యూయార్క్‌లోని చాథమ్ హోటల్లో జరిగిందని ఒక కథనం. మోర్గన్ బార్లో పనిచేసిన వెస్ ప్రైస్ మాత్రం, నేలమాళిగ ఖాళీ చేద్దామని తానే కలిపానన్నాడు. నాకు ఆయన మాటే నమ్మబుద్ధవుతుంది. గోడౌన్లో మూలుగుతున్న సరుకు బాధ రోజూ దాన్ని తప్పుకుని నడిచేవాడికే తెలుస్తుంది.

రాగి మగ్గులూ అలా మిగిలిపోయిన సరుకేనంటారు. రష్యా నుంచి వచ్చిన ఒకావిడ తండ్రి కార్ఖానా మగ్గులు మోసుకొచ్చి అమ్ముకోలేకపోయిందని ఒకరు, మోర్గన్ స్నేహితురాలికి రాగి వస్తువుల కంపెనీ ఉండేదని మరొకరు చెబుతారు. వ్యాపారిగా నాకు రెండోది నమ్మశక్యంగా ఉంది.

అసలు తెలివి మార్టిన్ అమ్మకంలో ఉంది. 1948 చివర్లో పోలరాయిడ్ కెమెరా బజారుకొచ్చింది. ఫొటో నొక్కిన నిమిషానికే చేతికొచ్చేది. ఆయన దాన్ని పట్టుకుని బార్ల వెంట తిరిగాడు. ఒక చేతిలో రాగి మగ్గు, మరో చేతిలో స్మిర్నాఫ్ సీసా పట్టుకున్న బారు మనిషికి రెండు ఫొటోలు తీసేవాడు. ఒకటి అక్కడే ఇచ్చి, రెండోది పక్క బారుకు తీసుకెళ్లి, 'వాళ్ల దగ్గర ఉంది, మీ దగ్గర లేదేం?' అన్నట్టు చూపించేవాడు. మా కొట్టుకొచ్చే సేల్స్‌మెన్ ఇప్పటికీ ఇదే పని సెల్‌ఫోన్లో చేస్తున్నారు.

పేరు తెచ్చిన లాభం పేరుతోనే పోవాల్సింది. 1950 ప్రాంతంలో రష్యా అంటే అమెరికాలో మండిపడే రోజులు. న్యూయార్క్ బారు పనివాళ్లు ఈ డ్రింకు మాకొద్దని బ్యానరు పట్టుకుని ఊరేగారు. సరుకు అమెరికాలో తయారయ్యేదేనని చెప్పుకోవలసి వచ్చింది. రష్యా పేరు చెప్పి అమ్మినవాళ్లే రష్యాది కాదని ఒట్టేశారన్నమాట! గొడవ సద్దుమణిగింది, వోడ్కా మాత్రం అమెరికాలో నిలిచిపోయింది.

ఇక మగ్గు. మా అమ్మ కళాయి లేని రాగి గిన్నెలో చింతపండు పులుసు పోయనిచ్చేది కాదు. చిలుమెక్కి కడుపులో వికారం పెడుతుందనేది. నిమ్మరసమూ పులుపే కదా. పీహెచ్ 6 కంటే తక్కువున్న పదార్థాలకు రాగి తగలకూడదని అమెరికా ఆహార నియమావళిలోనే ఉంది. 2017లో అయోవా రాష్ట్ర మద్యం శాఖ ఈ మగ్గుల పేరెత్తి మరీ హెచ్చరించింది. అందుకే బార్లవాళ్లకు నేను లోపల స్టీలు పూత ఉన్నవే ఇస్తాను. ధర ఎక్కువని గొణుగుతారు. కళాయి లేని చవకరకం అడిగితే, వేరే కొట్టు చూసుకోమంటాను.