బేతోవెను పంచమ సింఫనీ: కాలప్రమాణము, శ్రుతి, రసము

సంగీతకృతికి మూలమొకటి, సంప్రదాయమొకటి యుండును. మూలమున రచయిత వ్రాసినది యుండును. సంప్రదాయమున తరువాతివారి యలవాట్లు చేరును. ఈ రెండింటికిని వైరుధ్యము కలిగినప్పుడు దేనిని ప్రమాణముగా గైకొనవలెనను ప్రశ్న ధర్మశాస్త్రములకే గాక సంగీతమునకును గలదు. జర్మను దేశీయుడగు లుడ్విగు వాన్ బేతోవెను రచించిన పంచమ సింఫనీ చరిత్రము నిందులకు నిదర్శనముగా జూపవచ్చును.

ఈ కృతి 1808వ సంవత్సరము డిశంబరు 22వ తేదీని వియన్నా నగరమందలి యొక నాటకశాలలో ప్రథమమున వినిపింపబడెను. ఆనాటి కచేరీ నాలుగు గంటలు సాగెను. శాల మిక్కిలి చలిగా నుండెను. వాద్యకారులకు తగినంత యభ్యాసము లేకుండెను. కృతియందలి భాగములు నాలుగు. మొదటి భాగము మూడు హ్రస్వస్వరములతోడను, ఒక దీర్ఘస్వరముతోడను ఆరంభమగును. అది సి మైనరునందు నడచును. కడపటి భాగము సి మేజరునందు నడచును. మన పరిభాషలో జెప్పవలెనన్న, ఆధారషడ్జము మారదు. సాధారణగాంధారము తొలగి యంతరగాంధారము వచ్చుటయే ప్రధానభేదము. మూడవ భాగము విరామము లేకయే నాలుగవదానిలో బ్రవేశించును. అంతవఱకు మౌనముగానున్న ట్రాంబోనులు, పికోలో, కాంట్రబసూను అచ్చట గొంతెత్తును. సంఘర్షణము నుండి విజయమునకు సాగు రసపరిణామము శ్రుతియందే కట్టబడియున్నది.

ఇక కాలప్రమాణము. మొదటి భాగమునకు రచయిత వ్రాసినది ఉత్సాహముతో వేగముగా వాయింపుమని చెప్పు ఇటలీ మాట. "వేగముగా" ననిన నెంత? ఈ సందేహమును దీర్చు సాధనము మెట్రోనోము. దీనికి మేల్జెలు 1815లో పేటెంటు పొందెను. బేతోవెను 1817లో తన మొదటి యెనిమిది సింఫనీలకు మెట్రోనోము సంఖ్యలను లైప్జిగు నగరపు సంగీతపత్రికయందు బ్రకటించెను. పంచమ సింఫనీ మొదటి భాగమునకు నిమిషమునకు 108 ఆవర్తములు. ఆ భాగమందలి యావర్తములు 502. కాబట్టి నిలుపులను లెక్కింపనిచో నది సుమారు 4 నిమిషముల 40 సెకండ్లలో ముగియవలెను. మొదటి 124 ఆవర్తములను రచయిత కోరినట్లు మరల వాయించినచో 5 నిమిషముల 50 సెకండ్లు పట్టును.

ఇంత స్పష్టముగా చెప్పబడినను ఆ సంఖ్యలను పాటించినవారు చిరకాలము కొలదిమంది. యంత్రము చెడినదనియు, చెవిటివాడగు రచయిత తప్పుగా గొలిచెననియు గొందఱు సమాధానము చెప్పిరి. వేఱొక కారణము కథలయందున్నది. షిండ్లరు 1840లో బ్రకటించిన జీవితచరిత్రయందు, ఆ నాలుగు స్వరములు విధి తలుపు తట్టుటయని బేతోవెనే చెప్పినట్లు వ్రాసెను. విధి వచ్చి తలుపు తట్టుచున్నప్పుడు తొందరపడి వాయింపగూడదుగదా! వాగ్నరు 1869లో వెలువరించిన వ్యాసమున నిలుపులను గంభీరముగా దీర్ఘముగా బట్టవలెనని వాదించెను. అయితే బేతోవెను సంభాషణపుస్తకములలో షిండ్లరు కొన్ని మాటలను దానే కల్పించి చేర్చెనని 1977లో పండితులు బయలుపఱచిరి. అట్టివాని సాక్ష్యమును నమ్మి యెన్ని తరములవారు కృతిగతిని మార్చిరో పాఠకులే యోచింపుడు.

అలవాటును శాసనముగా జేసిన సాధనము గ్రామఫోను. ఆర్థరు నికిషు 1913లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముతో నీ కృతిని సంపూర్ణముగా రికార్డు చేయించెను. ఆనాడు మైక్రోఫోను వాడుకలో లేదు. వాద్యకారులు కొమ్ముబూర యెదుట గూడి వాయించిరి. ప్లేటు యొక్క యొక్కొక్క ముఖమున నాలుగు నిమిషములకు మించి సంగీతము పట్టదు. నికిషు గతి యొకేరీతిగా నుండక భావమునుబట్టి సాగుచు, దగ్గుచునుండును. కచేరీలో విన్న గతి మఱునాటికి మఱచిపోవచ్చును. ప్లేటుమీది గతి మాటిమాటికి వినబడి చెవికి ధర్మమైపోవును.

ప్లేటు విషయమున నింకొక సూక్ష్మము గలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగవలసిన ప్లేటును 83 చుట్లకు సమీపముగా ద్రిప్పినచో గతి నూటికి ఆఱుపాళ్లు పెరుగును. దానితోడనే శ్రుతియు నర్ధస్వరము పైకి బోవును. ఆ ప్రాతప్లేట్లన్నియు సరిగా 78 చుట్లకే చేయబడినవి కావు. శ్రుతియు నూరూర నొకరీతిగా నుండలేదు; ‘ఏ’ స్వరమునకు సెకండునకు 440 కంపనములని లండను సమావేశము నిశ్చయించినది 1939లో. కావున ప్రాతరికార్డును సాక్ష్యముగా దెచ్చువారు ముందు దాని శ్రుతిని సరిచూడవలెను. శ్రుతి తప్పినచో గతియు దప్పును. రెండును దప్పినచో రసమును గుఱించిన తీర్పు నిలువదు.

1980లలో రోజరు నారింగ్టనును, 1990లలో జాన్ ఎలియట్ గార్డినరును బేతోవెను నాటి వాద్యములను గైకొని యా సంఖ్యలకు సమీపముగా వాయించి రికార్డు చేసిరి. అసాధ్యమని తరతరములుగా జెప్పబడినది సాధ్యమయ్యెను. బరువైన విధికి మాఱుగా నూపిరి దిరుగనీయని యావేశము వినబడెను. ఇందువలన నికిషు వాదన మెంతమాత్రము తుచ్ఛము గాదు; అది యతని కాలపు సాక్ష్యము. కాని యతని యలవాటును బేతోవెను వాక్యమని చెప్పుట యసత్యము.

పెద్దలు చేసినదానిని గౌరవముతో వినుట వేఱు, పరీక్షింపక తలయొగ్గుట వేఱు. సంగీతాభిమానులు రచయిత సంఖ్యలను ముందుంచుకొని, ప్రాతరికార్డు నొకదానిని, క్రొత్తదాని నొకదానిని వరుసగా విందురు గాక. ఏది మనసున కింపైనను దోషములేదు. ఏది యెవరిదో తెలిసి మెచ్చుకొనుటయే వివేకము.