మూర్ఛకు మెదడు శస్త్రచికిత్స: నిర్ణయానికి ముందు తెలుసుకోవలసిన అంశాలు

మూర్ఛ వ్యాధిగ్రస్తులలో చాలామందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. దాదాపు మూడోవంతు మందికి మాత్రం మందులు మార్చి చూసినా అవి పూర్తిగా ఆగవు. అటువంటివారిలో కొందరికి మెదడు శస్త్రచికిత్స మేలు చేయగలదు. ‘తలకు ఆపరేషన్’ అనగానే కుటుంబాలు వెనుకంజ వేయడం సహజమే. కానీ శస్త్రచికిత్సలో ఉన్నట్లే, అది వద్దనుకోవడంలోనూ ప్రమాదం ఉంది. నిర్ణయం తీసుకునే ముందు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచి చూడాలి.

మందులు పనిచేయలేదని ఎప్పుడు భావించాలి?

సరైనవిగా ఎంపిక చేసిన రెండు మందులను తగిన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దానిని మందులకు లొంగని మూర్ఛగా పరిగణించాలని అంతర్జాతీయ మూర్ఛ వ్యాధి నివారణ సమాఖ్య (ఐఎల్‌ఏఈ) 2010లో నిర్వచించింది. గ్లాస్గోలో 470 మంది కొత్త రోగులపై జరిగిన అధ్యయనం 2000లో వెలువడింది. వారిలో మొదటి మందుతో 47 శాతం మందికి, రెండో మందుతో మరో 13 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి. మూడో మందుతో ఆగినవారు ఒక్క శాతమే. మాత్రలు వేళకు వేసుకోకపోవడం, నిద్రలేమి వంటి కారణాలు లేవనీ, వస్తున్నవి నిజంగా మూర్ఛ ఫిట్సేననీ ముందుగా నిర్ధారించుకోవాలి.

ఎవరికి ఉపయోగం?

ఫిట్స్ మెదడులో ఒకే చోట మొదలవుతూ, ఆ భాగాన్ని తొలగించినా మాట, కదలిక వంటి ముఖ్యమైన శక్తులు దెబ్బతినవని తేలినవారికి ఈ చికిత్స అనువుగా ఉంటుంది. కణత లోపలి భాగమైన టెంపోరల్ లోబ్‌లో హిప్పోకాంపస్ గట్టిపడి కుంచించుకుపోవడం ఇందుకు ప్రధాన ఉదాహరణ. చిన్న గడ్డలు, పుట్టుకతో వచ్చిన లోపాలు, పాత గాయాల మచ్చలు కూడా కారణం కావచ్చు. మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే జన్యుసంబంధ మూర్ఛకు ఈ తరహా శస్త్రచికిత్స సాధారణంగా చేయరు.

ఈ సంగతి తేల్చడానికి రోగిని కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచి వీడియో ఈఈజీ తీస్తారు. ప్రత్యేక పద్ధతిలో ఎంఆర్‌ఐ, జ్ఞాపకశక్తి, భాషా సామర్థ్య పరీక్షలు చేస్తారు. అవసరమైతే పెట్ స్కాన్ కూడా తీస్తారు. పరీక్షలకు అంగీకరించినంత మాత్రాన శస్త్రచికిత్సకు అంగీకరించినట్లు కాదు. అన్నీ పూర్తయ్యాక కూడా వద్దనే హక్కు రోగికి ఉంటుంది.

ఫలితాలు ఎలా ఉన్నాయి?

టెంపోరల్ లోబ్ మూర్ఛ ఉన్న 80 మందిపై కెనడాలో జరిగిన అధ్యయనం 2001లో ప్రచురితమైంది. ఏడాది తరువాత చూస్తే, స్పృహకు భంగం కలిగించే ఫిట్స్ నుంచి శస్త్రచికిత్స వర్గంలో 58 శాతం మంది, మందుల వర్గంలో 8 శాతం మంది విముక్తి పొందారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. అందులో ఈ సంఖ్యలు 77, 7 శాతాలు. అయితే శస్త్రచికిత్స జరిగిన పిల్లలలో 33 శాతం మందికి తీవ్ర దుష్ప్రభావాలు కలిగాయి. శరీరంలో ఒక వైపు బలహీనపడడం వాటిలో ముఖ్యమైనది. కొన్ని రకాల శస్త్రచికిత్సలలో ఇది ముందే ఊహించే పరిణామం.

నష్టం ఎటు వైపు ఎంత?

ఇన్ఫెక్షన్, రక్తస్రావం, పక్షవాతం, చూపులో పైమూల కొంత కనిపించకపోవడం వంటివి సంభవించవచ్చు. భాషకు ఆధారమైన వైపు, అంటే చాలామందిలో ఎడమ వైపు, శస్త్రచికిత్స జరిగితే పేర్లు, మాటలు గుర్తుకు రావడం కష్టం కావచ్చు. ముందు జ్ఞాపకశక్తి బాగా ఉన్నవారికే ఈ నష్టం ఎక్కువగా తెలుస్తుంది. బోధన, న్యాయవాదం వంటి వృత్తులలో ఉన్నవారు దీనిని ప్రత్యేకంగా ఆలోచించుకోవాలి. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు రెండు వైపులా హిప్పోకాంపస్ భాగాలను తొలగించగా, ఆయన కొత్త జ్ఞాపకాలను నిలుపుకునే శక్తిని శాశ్వతంగా కోల్పోయారు. అందుకే నేడు రెండు వైపులా తొలగించరు. మిగిలే వైపు సామర్థ్యాన్ని ముందే పరీక్షిస్తారు.

మరోవైపు, ఫిట్స్ కొనసాగితే పొయ్యి దగ్గర కాలిన గాయాలు, నీటిలో మునగడం, రోడ్డు ప్రమాదాల ముప్పు వెన్నంటి ఉంటుంది. అరుదుగా నిద్రలో ఆకస్మిక మరణం కూడా సంభవించవచ్చు. చదువు, ఉద్యోగం, వివాహం విషయంలో కోల్పోయే ఏళ్లను కూడా ఈ లెక్కలో చేర్చుకోవాలి.

వైద్యుని అడగవలసిన ప్రశ్నలు

ఫిట్స్ మొదలయ్యే చోటు కచ్చితంగా తెలిసిందా? నా వంటి రోగులలో ఎందరికి పూర్తిగా ఆగిపోయాయి? జ్ఞాపకశక్తి, మాట, చూపులో ఏది ఎంత తగ్గవచ్చు? ఈ ఆసుపత్రిలో ఏటా ఎన్ని శస్త్రచికిత్సలు జరుగుతున్నాయి? ఇప్పుడు చేయించుకోకపోతే మిగిలిన మార్గాలేమిటి?

తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1995 నుంచి ఈ శస్త్రచికిత్సలు చేస్తోంది. ఢిల్లీ ఎయిమ్స్, బెంగళూరు నిమ్‌హాన్స్, హైదరాబాద్ నిమ్స్‌లలోనూ ఈ సేవలు ఉన్నాయి. శస్త్రచికిత్స తరువాత కూడా మందులు కొంతకాలం కొనసాగుతాయి. వాటిని తగ్గించవలసింది వైద్యుడే. ఫిట్స్ ఆగకపోయే అవకాశం కూడా ఉందని ముందే తెలుసుకుని ఉండాలి. రెండు మందులు విఫలమైన నాడే నిపుణుల కేంద్రానికి వెళ్లి పరీక్షలు చేయించుకుంటే, చివరకు అవునన్నా కాదన్నా ఆ నిర్ణయం భయంతో కాక తెలిసి తీసుకున్నది అవుతుంది.