సవరల గోడచిత్రములు: వాని యర్థము

చిత్రకళాచరిత్ర మనఁగనే మనకుఁ జిత్రకారుల పేళ్లు స్ఫురించును. రవివర్మ (1848–1906) పురాణకథల నెట్లు చిత్రించెను, రాజమహేంద్రవరమునకుఁ జెందిన దామెర్ల రామారావు (1897–1925) స్వల్పాయువులోనే యాంధ్రచిత్రకళకు నెట్టి క్రొత్తదారి చూపెను అని విచారింతుము. కర్తను దెలిసికొన్నఁగాని కృతియర్థము తెలియదనుట యీ పద్ధతికి మూలము. కాని తూర్పుకనుమలలో నీ పద్ధతికి లొంగని చిత్రసంప్రదాయ మొకటి కలదు. అది సవరల గోడచిత్రము. అందుఁ గర్త సంతకము లేదు. అర్థము మాత్రము మిక్కిలి నిర్దిష్టముగా నున్నది. కర్తపేరు లేకయే యర్థ మెట్లు నిలిచినది? ఆ యర్థమును మోసిన విశ్వాసము సడలినప్పుడు చిత్రమున కేమగును? ఈ రెండు ప్రశ్నలే యీ వ్యాసమునకు విషయము.

అరకులోయ పరిసరములందుఁ గొండదొరలు, బగతలు, గదబలు, పోర్జలు, కోటియలు మున్నగువారు వసింతురు. అచ్చటినుండి యీశాన్యముగాఁ గనుమలవెంబడిఁ బోయినచో పార్వతీపురము, సీతంపేట, పర్లాకిమిడి, గుణుపురము ప్రాంతముల కొండలలో సవరలు కానవత్తురు. శబరనామము మిక్కిలి ప్రాచీనము. ఐతరేయబ్రాహ్మణమందలి శునశ్శేపోపాఖ్యానమున విశ్వామిత్రుని శాపమునకుఁ బాత్రులైన పుత్రుల సంతతిగా నాంధ్ర పుండ్ర శబర పుళింద మూతిబులు పేర్కొనఁబడిరి. ఆంధ్రులును శబరులును నొక్కచోటనే చెప్పఁబడుట మనము గమనింపఁదగినది. అయినను సవరభాష ద్రావిడము గాదు, ముండాభాషావర్గమునకుఁ జేరినది. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి యీ భాషను నేర్చి, సవర బాలురకుఁ జదువు చెప్పించి, వ్యాకరణమును రచించిరి. అది 1931లో మద్రాసునఁ బ్రకటితమయ్యెను. భాషావివాదములఁ బట్టి వారిని స్మరించువారు పెక్కండ్రు. సవరలకొఱకు వారు చేసిన కృషిని స్మరించువారు కొందఱే.

సవరలు గోడచిత్రమును ‘ఇత్తాల్’ లేక ‘ఇడితాల్’ అందురు. పూర్వభాగమునకు వ్రాయుటయనియు, నుత్తరభాగమునకు గోడయనియు నర్థము చెప్పుదురు. తెలుఁగునందును ‘వ్రాయు’ ధాతువు పద్యమునకును బొమ్మకును సమానమే యగుటచే మన కీ పదము వింతగాఁ దోఁపదు. ఇత్తాల్ వ్రాయువాఁడు ‘ఇత్తాల్‌మరన్’. చిత్రములు వ్రాయు మనుష్యుఁడని దానికర్థము. వెరియర్ ఎల్విను సవరకొండలలో ననేక సంవత్సరములు పరిశీలన చేసి, 1951లోఁ బ్రకటించిన మధ్యభారత గిరిజనకళాగ్రంథమునను, 1955లోఁ బ్రకటించిన సవరమతగ్రంథమునను నీ చిత్రములను నర్థసహితముగా వివరించెను.

ఇత్తాల్ కేవలము గృహాలంకారము గాదు. ఇంట నెవరికేని జబ్బుచేసినను, సంతానము క్షేమముగాఁ గలుగవలె ననుకొన్నను, పంట పండవలె ననుకొన్నను, చచ్చినవారిని గౌరవింపవలసినను దానిని వ్రాయింతురు. మొదట గోడను ఎఱ్ఱమన్ను కలిపిన నీళ్లతో నలుకుదురు. పుల్లకొనను నలిపి కుంచెగాఁ జేసికొని, బియ్యపుపిండి నీళ్లలోఁ గలిపి తెల్లగీఁతలు గీయుదురు. నల్లరంగు కావలసినచో దీపపుమసి యుండనే యున్నది. చిత్రము ముగిసినపిదప, మన్యమునఁ దెలుఁగువారు ఎజ్జోఁడని పిలుచు మధ్యవర్తి దాని యెదుటఁ గూర్చుండి, ఎవరికొఱకు వ్రాయఁబడెనో యా దేవతను లేక పితరుని ఆవాహనము చేయును. వచ్చిన యతిథి చిత్రమును పరీక్షించి, ఇది తక్కువైనది, అది తక్కువైనది యని యాతని నోటఁ బలికించును. ఆ తక్కువలు తీర్చినపిమ్మటనే చిత్రము పూర్తియైనట్లు. కనుక నిందు నిజమైన విమర్శకుఁడు అతిథియే; చిత్రము అతనికిఁ గట్టియిచ్చిన యిల్లు.

ఈ మాట తెలిసినచో బొమ్మల యర్థము సులభముగా బోధపడును. చుట్టును గీసిన చతురస్రము ఇంటి హద్దు. లోపల వరుసలుగా నిలిచి నాట్యమాడువారు, బరువులు మోయువారు, వాద్యములు వాయించువారు గృహస్థు పరివారము. సూర్యచంద్రులు, చెట్లు, కోఁతులు, నెమళ్లు, బల్లులు, పులులు ఆ యింటి పరిసరములు. గుఱ్ఱములమీఁదను ఏనుఁగులమీఁదను వచ్చువారు గొప్పవారు. తుపాకులు పట్టిన బంట్రోతులు, రైలుబండి, విమానము సైతము కొన్ని చిత్రములందుఁ గలవు. వీనిని జూచి సంప్రదాయము చెడినదని కొందఱు తలఁపవచ్చును. అది సరిగాదు. కొండవానికి అధికారమన్నది దిగువనుండి వచ్చినది. బిస్సోయి, పోలీసు, అడవిశాఖయుద్యోగి గుఱ్ఱముతోనో తుపాకితోనో వచ్చిరి. బ్రదికియున్నప్పుడు వారియెదుటఁ జేతులు కట్టుకొని నిలిచిన తండ్రికిఁ జచ్చినపిదప ఆ గుఱ్ఱమును, ఆ బంట్రోతులను గుమారుఁడు గోడమీఁద సమర్పించుచున్నాఁడు. దీనిని వినోదచిత్రముగాఁ జూచువాఁడు సవరల చరిత్రలో నొక ప్రకరణమును జదువక విడిచినవాఁడగును.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. స్వప్నములో వచ్చిన యాజ్ఞనుబట్టి, ఎజ్జోని మాటనుబట్టి వ్రాయువానికి స్వాతంత్ర్య మెక్కడిది? స్వాతంత్ర్యము లేనివాఁడు చిత్రకారుఁ డెట్లగును? అని. సమాధానము మన దేవాలయములందే కలదు. శిల్పి ధ్యానశ్లోకమున కధీనుఁడై విగ్రహమును మలఁచెను. భుజములసంఖ్యను గాని యాయుధములను గాని తా నేర్పఱుపలేదు. అయినను నొక విగ్రహము ముఖమునఁ బ్రసన్నత వెలయుచుండ, వేఱొకదానియందది యుండదు. ఆ భేదము చేతిపనితనమువలననే కలుగును. ఇఁక బియ్యపుపిండితో వ్రాసి మాసిపోనిచ్చుట మనకు నపరిచితము గాదు. తెలుఁగుముంగిలిలోని ముగ్గునకును గర్తపేరు లేదు. అది మధ్యాహ్నమునకుఁ జెరిగిపోవును. ఎవ్వరును దానిని నిరర్థక మనరు.

సవరల సంస్కృతి చరిత్రలేని నిశ్చలవస్తు వనుకొనుటయుఁ బొరపాటే. 1936లో మంగెయి గొమాంగో సవరభాషకుఁ ‘సొరాంగ్ సొంపెంగ్’ అను లిపిని నిర్మించెను. అందలి యక్షరములు దేవతల పేళ్లతో ముడివడియున్నవి. వ్రాఁతయందు దేవతను నిలుపు నలవాటు ఇత్తాలునందు మున్నే యున్నదే. లిపికర్త దానిని గోడనుండి యక్షరమునకుఁ దెచ్చెనని నా యభిప్రాయము. పిదప మఱింత పెద్దమార్పు వచ్చెను. పియర్స్ విటెబ్‌స్కీ సవరగ్రామములందు వసించి 1993లోఁ బ్రకటించిన గ్రంథము, చచ్చినవారితో బ్రదికినవారు జరుపు సంభాషణములను వర్ణించినది. 2017నాఁటి యాతని రెండవగ్రంథము, నూతనతరము క్రైస్తవము నవలంబింపఁగా నా సంభాషణము లుడిగిపోయిన విధమును జెప్పినది. పిలిచెడివారు లేనప్పుడు అతిథి రాఁడు. అతిథి రానప్పుడు గోడమీఁది యింటితోఁ బనిలేదు.

మఱియొకవైపున నా చిత్రమే కాగితముమీఁదికిని బట్టమీఁదికిని వచ్చి విక్రయింపఁబడుచున్నది. ఒడిశాలోని లంజియా సవరల చిత్రములకు 2024లో భౌగోళిక సూచికయు లభించినది. దీనివలన వ్రాయువారికిఁ గూలియు గౌరవమును గలుగుచున్నవి. దానిని నిందించుట తగదు. వారి పేళ్లును మనకుఁ దెలియవచ్చుచున్నవి. కాని యదేసమయమున చిత్ర మెవరికొఱకు వ్రాయఁబడెనో యా పేరు జాఱిపోవుచున్నది. పూర్వము కర్తపేరు లేక స్వీకర్తపేరుండెను. ఇప్పుడు కర్తపేరుండి స్వీకర్తపేరు పోయినది.

కావునఁ జిత్రశాలలయందును వస్తుప్రదర్శనశాలలయందును నిట్టి చిత్రమునకుఁ బ్రక్కను ‘గిరిజనాలంకారము’ అని మాత్రమే వ్రాసి యూరకుండరాదు. వ్రాసినవారి పేరు, గ్రామము, సందర్భము, ఏ పితరునికొఱకు, ఏ వ్యాధికొఱకు అను వివరములను బొమ్మబొమ్మకు సవరపదముతోఁ గూడఁ జేర్చవలెను. గోడమీఁది వ్రాఁత యర్థమును జెప్పఁగల వృద్ధు లింకను గొందఱున్నారు. మన్యపుపాఠశాలలలోఁ బనిచేయు పండితులు వారికడకుఁ బోయి, వారు చెప్పినదానిని వారి మాటలలోనే లిఖించి పెట్టినచో, రామమూర్తిగారు భాషకుఁ జేసిన మేలు చిత్రమునకును జేసినవా రగుదురు.