నాగసాకి కేకు, బందరు బట్ట

మలక్‌పేటలో మా ఇంటి డాబా మీద కూర్చుని మాట్లాడుతున్నా. మా అన్నయ్య నాగసాకి నుంచి ఈ డబ్బా తెచ్చాడు. కాస్టెల్లా. అక్కడివాళ్ళు 'కసుతెరా' అంటారు. చూడ్డానికి మామూలు స్పాంజ్ కేకే. కొరికితే మాత్రం అడుగున పంచదార పలుకులు కరకరమన్నాయి. పాలు, వెన్న లేవు. గుడ్లు, పంచదార, పిండి, కాస్త తీపి పాకం, అంతే. గుడ్డు అనగానే అమ్మ తన ముక్క పక్కన పెట్టేసింది.

నిజానికి ఇది జపాన్‌లో పుట్టింది కాదు. 1543లో పోర్చుగీసువాళ్ళు జపాన్ చేరారు, 1571 నుంచి నాగసాకి రేవుకి వాళ్ళ ఓడలు వచ్చాయి. కేకు పేరు స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యానిది. తర్వాత రోజులు మారాయి. 1597లో ఇదే నాగసాకిలో 26 మంది క్రైస్తవుల్ని శిలువ వేశారు. 1639లో పోర్చుగీసు ఓడల్ని పూర్తిగా ఆపేశారు. మనుషుల్ని తరిమేసి కేకుని ఉంచుకున్నారు! ఇది చదివాక రెండో ముక్క అంత సులువుగా దిగలేదు నాకు.

ఇక యూరప్ నుంచి మిగిలింది డచ్చివాళ్ళే. 1641 నుంచి దెజిమా అనే బుల్లి దీవిలో ఉండేవాళ్ళు. అదే డచ్చి కంపెనీకి మన మచిలీపట్నంలోనూ కొఠీ ఉండేది. కోరమండల్ తీరం అద్దకం బట్టలు జపాన్ దాకా వెళ్ళాయి. అక్కడ వాటి పేరు 'సరస'. టీ వేడుక సామాన్లకి వాటితో సంచులు కుట్టుకునేవాళ్ళు.

అమ్మకి ఫోన్‌లో సరస ఫోటో చూపించా. "ఇది మన కలంకారీ కదరా!" అంది. ఆమె ముక్క కూడా నేనే తినేశా.