చెక్కయు జిగురును: అలమర పలకల చరిత్రము



నేడు నేను చెప్పబూనినది రాజుల చరిత్రము కాదు, పలకల చరిత్రము. మీ యూరి గ్రంథాలయమునకో, బిడ్డ కాపురమునకో, వంటయింటికో ఒక అలమర చేయింపవలసి వచ్చినపుడు వడ్రంగి మిమ్ము మొదట నడుగు ప్రశ్న మాఱిపోయినది. మా తాతగారి కాలమున అతడు "ఏ మాను?" అని యడిగెడివాడు. ఇప్పుడు "ఏ షీటు?" అని యడుగుచున్నాడు. మానుల పేర్లు మన కందఱకు తెలియును. షీట్ల సంగతి తెలియదు. అంగడివాడు చెప్పినదే వేదమై పోవుచున్నది.

ఈ విషయమున నాకు పట్టుదల కలుగుటకు కారణ మొకటి యున్నది. 2009వ సంవత్సరము అక్టోబరు 2వ తేదిని తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలు పట్టణమును ముంచినవి. నే నప్పుడు ఉపాధ్యాయుడనై పాతపట్టణమున కాపురముంటిని. మా యింట నీరు నడుముదాక వచ్చినది. నా గ్రంథములు రెండుచోట్ల నుండెను. మా తాతగారి నాటి టేకుపెట్టె యొకటి, అంతకు ఆఱేడేండ్ల ముందు నేను అంగడిలో కొన్న అలమర యొకటి. అసలు చెక్కయే యనియు, నీటికి చెడదనియు చెప్పి దానిని నా కమ్మిరి. చూపునకు టేకువలెనే యుండెను. నీరు క్రింది రెండరలకే తగిలినది. పై మూడరలు పొడిగా నుండుట కన్నులార చూచి, ఆ పుస్తకములు దక్కినవని తలచి, ఇంటివారితో మిద్దె యెక్కితిని. నీరు తీసిన పిదప దిగివచ్చి చూతును గదా, అలమర నిలిచియుండలేదు. కాళ్లును ప్రక్కపలకలును నీరు త్రాగి యుబ్బి, తడిసిన అటుకులవలె పొడిపొడియై కూలిపోయినవి. పైయరల పుస్తకములన్నియు బురదలో నుండెను. మా గురువుగారు స్వహస్తముతో వ్రాసి నాకిచ్చిన బాలవ్యాకరణపు టిప్పణము వానిలోనిదే. ఒక్క పుటయు చదువ వీలుకాలేదు.

టేకుపెట్టెలోనికిని నీరు దూఱినది. అబద్ధ మేల? అందలి గ్రంథములును తడిసినవి. కాని పెట్టె విడలేదు, బురద చొరలేదు. తాటియాకు గ్రంథములను ఆకు కాకుగా నీడన ఆరబెట్టి దక్కించుకొంటిని.

కూలిన అలమర ముక్క నొకదానిని మా వడ్రంగికి చూపితిని. అతడు దానిని వ్రేళ్లతో నలిపి పొట్టు చేసి, "అయ్యవారూ, దీంట్లో చెక్కదేమీ తప్పు లేదు, జిగురు కరిగింది" అనెను. ఆ మాటయే నన్ను ఈ పదునైదేండ్లుగా చదివించుచున్నది. నేడు మీతో చెప్పబోవునదియు ఆ మాటకు వ్యాఖ్యానమే.

మన పూర్వులు మానును చూచి చెక్కను నిర్ణయించిరి. ఆఱవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో మంచములకును ఆసనములకును తగిన వృక్షములను చెప్పుచు అసన, చందన, శాక, శింశుపాదులను పేర్కొనెను. అసనమన మన వేగిమాను, శాకమన టేకు. పిడుగుపడినదియు, గాలికి కూలినదియు, ఏనుగు పడద్రోసినదియు, పక్షులును తేనెటీగలును గూడు కట్టినదియు పనికిరాదనెను. దీనిని మూఢవిశ్వాసమని నవ్వువారు కలరు. నేను నవ్వను. తానై కూలిన మాను తఱచుగా లోన పుచ్చినదై యుండును. కర్నూలువారికి నల్లమల యుండెను. టేకు, నల్లమద్ది, ఏపి, వేగి అక్కడినుండి బండ్లమీద దిగెడివి. కడపవారికి లంకమల, పాలకొండలలో ఎఱ్ఱచందన ముండెను. నేడు దేశాంతరములకు దొంగతనముగా తరలిపోవు ఆ మానును ఒకప్పుడు ఇండ్ల స్తంభములకు వాడిరనిన పిల్లలు నమ్మరు. 1882వ సంవత్సరపు మద్రాసు అటవీ చట్టముతో అడవులు రిజర్వు లయ్యెను. నాటినుండి మన కఱ్ఱ క్రమక్రమముగా అరుదైనది. 1981లో శ్రీశైల జలాశయమున ఊళ్లు మునుగునపుడు జనులు ద్వారబంధములను, దూలములను ఊడదీసికొని క్రొత్తయూళ్లకు మోసికొనిపోయిరి. పాతకఱ్ఱ విలువ వారికి తెలియును.

ఇక జిగురు. వరాహమిహిరుడే వజ్రలేపమను పేర నొక బంకను చెప్పెను. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మున్నగువానిని నీట కాచి, ఎనిమిదవ వంతు మిగులునట్లు దించి, గుగ్గిలాది జిగుళ్లు కలిపి, వేడిగా పూయవలెను. అది ఆలయములకు, విగ్రహములకు, గోడలకు చెప్పినదే కాని పలకలకు గాదు. వడ్రంగులు వాడినది సరేసు. పశువుల తోళ్లను, ఎముకలను ఉడికించి తీసిన ఆ బంక ఎండకాలమున గట్టిగా పట్టును, తేమ తగిలిన మఱల మెత్తబడును. అందుచేతనే వారు జిగురును నమ్మక, కూసమును తొలికిలో దిగగొట్టి కఱ్ఱసీలలు వేసిరి. ఈజిప్టు దేశమున సక్కారా యొద్ద దొరకిన, నాలుగువేల యైదువందల యేండ్లకు పైబడిన శవపేటిక యొక్క పలక ఆఱు పలుచని పొరలతో కూర్చినది. ఒక పొర నార నిలువున, దానిపై పొర నార అడ్డముగ వేసిరి. ప్లైవుడ్డు యొక్క రహస్యమంతయు అక్కడనే యున్నది. కాని ఆ పొరలను పట్టియుంచినవి కఱ్ఱసీలలు. వారును జిగురును నమ్మలేదు!

నార నడ్డముగా వేయుట యెందులకు? చెక్క ఎండినపుడు నార పొడవున కుదించుకొనుట అత్యల్పము, వెడల్పున అధికము. మన సీమ వేసవిలో వెడల్పైన ఒంటిపలక వంగుటయు చీలుటయు మీరెఱుగుదురు. ఒక పొర కుదించుకొనబోగా అడ్డపొర దానిని పట్టియాపును. బేసిసంఖ్యలో పొరలు వేసినచో రెండు ముఖములు సమముగా నుండి పలక మెలితిరుగదు. ఇంతటి మేలైన ఉపాయము వేలయేండ్లు ఎల్లరకు అందకుండుటకు కారణము తగిన జిగురు లేకపోవుటయే.

ఆ జిగురు ఇరువదవ శతాబ్దిలో వచ్చినది. బెల్జియమున పుట్టి అమెరికాలో స్థిరపడిన బేక్‌లాండు 1907లో ఫినాలును ఫార్మాల్డిహైడును కలిపి కాచి, ఒకసారి గట్టిపడిన పిదప నీటికిగాని వేడికిగాని కరగని పదార్థమును సాధించెను. తరువాత 1930 ప్రాంతమున అంతకంటె చౌకయైన జిగురు వ్యాపించినది. అది యూరియాతో చేసినది. అవును, మనము వరికి, మొక్కజొన్నకు చల్లు యూరియాయే. రైతులకు రాయితీపై రావలసిన యూరియా ప్లైవుడ్డు కర్మాగారములకు దొంగదారిని పోవుచుండుటయు, 2015లో దేశమందలి యూరియా కంతటికి వేపనూనె పూత విధించుటకు కారణములలో నొకటి. ఈ యూరియా జిగురు పొడియింట చక్కగా పనిచేయును. నీటిలో నానినను, వేడితేమ తగిలినను విడిపోవును. నా యలమరలోనిది ఇదియే.

జిగురు విడిచిన కథ యుద్ధమునందును జరిగినది. రెండవ ప్రపంచయుద్ధమున ఆంగ్లేయులు మస్కిటో అను విమానమును ప్లైవుడ్డుతోను తేలికచెక్కతోను కట్టిరి. 1944లో మన దేశమునను బర్మాలోను వాని రెక్కలు కొన్ని విడిపోయి విమానములు కూలినవి. పాలవిరుగునుండి తీసిన కేసీను జిగురు ఇక్కడి యెండకు, వానకు ఆగలేదని మొదట తలచిరి. విచారింపగా అతుకులు సరిగా కూర్చకపోవుటయు ప్రధానకారణముగా తేలినది. జిగురు మంచిదైనను పనివాడు మంచివాడు కావలెనన్నమాట.

ఆ యుద్ధకాలముననే జర్మనీలో కఱ్ఱ కఱవై, 1941 ప్రాంతమున చెక్కపేళ్లను పొట్టును జిగురుతో అదిమి పలకలు చేయసాగిరి. పార్టికల్ బోర్డు అట్లు పుట్టినది. పందొమ్మిదివందల అఱువదులలో అమెరికావారు కఱ్ఱను ఆవిరితో ఉడికించి దూదివలె నారగా నూరి, జిగురుతో నొత్తి ఎం.డి.ఎఫ్. అను నునుపైన పలకను చేసిరి. చూడుడు: ప్లైవుడ్డులో పొరలు, పార్టికల్ బోర్డులో పేళ్లు, ఎం.డి.ఎఫ్.లో నార. చెక్క చిన్నదగు కొలది జిగురుపై భారము పెరుగుచున్నది.

మన దేశమున ప్లైవుడ్డు మొదట అస్సాములో తేయాకుపెట్టెల కొఱకు వచ్చినది. 1945లో మలబారున వళపట్టణము వద్ద వెస్టర్న్ ఇండియా ప్లైవుడ్స్ వారి కర్మాగారము వెలసినది. నాడు మలబారును మనమును మద్రాసు రాజధానిలోని వారమే. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు అడవుల నఱకుడును గట్టిగా కట్టడిచేసిన పిదప ఈ పరిశ్రమ పొలములలో పెంచిన నీలగిరి, సుబాబులు వంటి చెట్లవైపు మఱింతగా మొగ్గినది. ఇప్పుడు కడపజిల్లాలోనే, బద్వేలు దగ్గఱి గోపవరమున సెంచురీ వారి పలకల కర్మాగార మున్నది. 2021 డిసెంబరులో దానికి శంకుస్థాపన జరిగినది. లంకమలలోని ఎఱ్ఱచందనమును తాకరాదు, దానికి కూతవేటులో నీలగిరికఱ్ఱ పలకయగుచున్నది. కాలమహిమ!

పైపూత మాటయు చెప్పవలెను. సన్‌మైకా యని మనమందఱము పిలుచు ఆ రంగురేకులో మైకా, అనగా అభ్రకము, ఏమియు లేదు. విద్యుత్పరికరములలో అభ్రకమునకు మాఱుగా వాడుటకై 1913లో అమెరికాలో ఇద్దఱు యంత్రజ్ఞులు కాగితపు పొరలను బేక్‌లాండు జిగురుతో అదిమి చేసిన పలకకు "అభ్రకమునకు బదులు" అను అర్థమున ఫార్మైకా యని పేరిడిరి. మన పొరుగున నెల్లూరుజిల్లా గూడూరు గనుల అభ్రకము విదేశములకు పోవుచుండిన దినములవి. వస్తువు పోయి పేరు నిలిచినది. ఈ రేకు పైముఖమును కాపాడును కాని అంచులను కాపాడదు. నీరు దూఱునది అంచులనుండియే. నా యలమరను టేకువలె చూపి నన్ను మోసగించినదియు ఇట్టి పైపూతయే.

కావున షీటు కొనునపుడు ముఖమును గాక జిగురును అడుగుడు. "ఎం.ఆర్." అని యున్నచో అది గాలితేమ కోర్చునదే కాని నీటికి గాదు. పడకగదిలో బట్టల బీరువాకు అది చాలును, అధికము చెల్లింప నక్కఱలేదు. వంటయింటికి, తొట్టి దగ్గఱికి, గ్రంథములకు "బి.డబ్ల్యు.పి." అనునది కోరుడు. మరైను ప్లైవుడ్డునకు 710 అను సంఖ్యగల భారతీయ ప్రమాణ మున్నది. దానిలో ముక్కను 72 గంటలు నీట మఱగించి పరీక్షింతురు. 710 అని ముద్ర వేయుట యెవనికైనను సులభమే. ఐ.ఎస్.ఐ. గుర్తు క్రింద సి.ఎం./ఎల్. అను అక్షరములతో లైసెన్సు సంఖ్య యున్నదా యని చూడుడు. పొడవైన అరలకు బ్లాకుబోర్డు మేలు, లోపల కఱ్ఱబద్దెలుండుటచే బరువునకు త్వరగా వంగదు. ఎం.డి.ఎఫ్. తలుపులకు, రంగునకు ముచ్చటగా నుండును, కాని అంచున మరమేకు బిగించిన బిగువు చాలకాల ముండదు. క్రొత్త అలమర కన్నులు మండునట్లు వాసన వేసినచో అది ఫార్మాల్డిహైడు. కొన్ని వారములు తలుపులు తెఱచియుంచి, ఆ పిదపనే పుస్తకములు పెట్టుడు. ఇనుపబీరువా కొనరాదా యందురేమో. కొనవచ్చును. కాని గోడగూటి కొలతకు అది రాదు. మన సీమలో గోడలో కడపబండలు దిగవేసి అరలు చేయు నలవాటున్నది. చెదలకును నీటికిని జంకనిది అదొక్కటే. క్రొత్తయిండ్ల పలుచని గోడలలో దాని కెడము లేకపోయినది.

నిరుడు మా స్వగ్రామపు గ్రంథాలయమునకు అలమర చేయింపవలసి వచ్చి పెద్దలు నన్ను పిలిచిరి. మూడంగళ్ల వారిచ్చిన మూడు ముక్కలను తెచ్చి, మా పెరటిలో కట్టెలపొయ్యిపై కుండపెట్టి మఱగించితిని. మా యింటావిడ "అన్న ముడకదు గాని అట్ట లుడుకును" అని వేళాకోళ మాడినది. పార్టికల్ బోర్డు ముక్క గంటలోపల గంజి యయ్యెను. రెండవది, దానిమీదను నీటికి చెడదను వ్రాత యుండెను, సాయంకాలమునకు అంచుల పొరలు విచ్చినది. మూడవదానిని మా మనుమడును నేనును వంతులవారిగా మంట వేయుచు మూడవనాటి యుదయముదాక మఱగించి తీసితిమి. ఉలిమొన దాని పొరలలో దూఱలేదు.

ఆ ప్లైవుడ్డుతో పెట్టెయు, బ్లాకుబోర్డుతో అరలును చేయించితిమి. నాలుగంచులకును జిగురుతో పట్టీలు వేయించి, క్రింద బేతంచెర్ల బండలు పేర్చి, మూరెడెత్తున నిలిపితిమి. అన్నిటికంటె పై అరలో మా తాతగారి టేకుపెట్టెలోని తాటియాకు గ్రంథములున్నవి. టిప్పణ ముండవలసిన చోటు ఖాళీగా నున్నది.